మమ్మల్నీ అడగండి

బట్టలు మార్చుకునే గదిలో ఆడవాళ్ళను గోడకు ముఖం పెట్టించి వరసగా నిలబెట్టారు. తలుపు అవతల మేనేజరు విఠల్ నుంచుని, "తొందరగా కానీయమ్మా రామతులసీ, అవతల మామిడి ముక్క మెత్తబడిపోతంది" అని అరుస్తున్నాడు. తలుపు ఇవతల ఆ పని చేస్తున్నది రామతులసి. ఏ పని అంటారా? చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పాలి. ఎవరికి నెలసరి వచ్చిందో లోబట్ట చూసి తేల్చే పని.

వరసలో ఉన్నవాళ్ళంతా ఆమెతో ఏళ్ళ తరబడి ఆవకాయ కలిపినవాళ్ళే. ఒకరి పెళ్ళికి వడ్డన చేసింది, ఒకరి పురిటికి ఆసుపత్రిలో తోడుంది. ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఏమనుకోబాక తల్లీ" అంటూ చూస్తోంది. రావమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇంకో పిల్ల సిగ్గుతో నవ్వేసి, ఆ నవ్వు ఆపుకోలేక ఏడ్చింది. చివర్లో వినీల. ఆ పిల్ల రెండు చేతులతో డ్రెస్సు బిగించి పట్టుకుని ఇటు తిరిగింది.

"ఉంది పిన్నీ. పొద్దున్నే వచ్చింది. నేనే చెబుతున్నాగా, ఇంక చూడొద్దు."

రామతులసి తలుపు వైపు తిరిగింది. "బాబూ, వినీల ఒప్పుకుందండి. చాల్దాండీ?"

"నోటిమాట నాకొద్దు. ఓనరు గారు చూసి చెప్పమన్నారు. చూసి చెప్పు!"

"పిన్నీ, నీకు దణ్ణం పెడతా" అంది వినీల.

రామతులసి చూసింది. రెండడుగులు వేసి నిలబడిపోయింది, అయినా చూసింది. బయటికొచ్చి విఠల్ ముందు తల దించుకుని, "ఉందండి" అని చెప్పింది.

ఇది కొండపల్లి దాటాక రోడ్డు పక్కనున్న ప్రసూనాంబ పచ్చళ్ళ కంపెనీ. సీసా మీద జ్ఞానప్రసూనాంబ గారని ఓనరు శరత్‌చంద్ర వాళ్ళ బామ్మ ఫొటో ఉంటుంది, కింద 'మడి తప్పని రుచి' అని ఉంటుంది. ఆ బామ్మ గారు పోయి ఏనాడైంది! కొట్టేదీ కలిపేదీ ఈ ఆడకూలీలే. పెరట్లో రేకుల షెడ్డు కింద ఎస్సీ కాలనీ నుంచి వచ్చే ఆడవాళ్ళు కత్తిపీటల ముందు కూర్చుని మామిడికాయ కొడతారు, జీడి తీస్తారు, ముక్క తుడుస్తారు. ఆ ముక్క హాల్లోకి వస్తే రామతులసీ వినీలా లాంటివాళ్ళు ఉప్పూ కారం ఆవపిండీ వేసి, నూనె పోసి కలుపుతారు. కాయ కొట్టేవాళ్ళు హాలు గుమ్మం తొక్కకూడదు. అట్లా అని ఎక్కడా రాసిలేదు. ఎవరూ తొక్కనివ్వలేదు, అంతే.

హాలు వాళ్ళకి ఇంకో ఆంక్ష. రోజూ పొద్దున రామతులసి గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళను వచ్చినట్టు అడుగుతుంది: "డేటా?" అంటే, నెలసరిలో ఉన్నావా అని. అవునన్న మనిషి అక్కడినుంచి అక్కడే ఇంటికి పోవాలి, ఆ రోజులకు కూలి ఉండదు. నెలసరిలో ఉన్న చెయ్యి తగిలితే ఊరగాయ బూజు పడుతుందట. ఓనరు అనేవాడు, మేనేజరు అనేవాడు, ఎవరి దాకానో ఎందుకు, రామతులసే అనేది. తనకు నెలసరి ఆగిపోయే దాకా, ఆ రోజుల్లో ఆమె ఇంట్లో జాడీ ఉన్న గది ఛాయలకు పోయిన మనిషి కాదు. అందుకే అడిగే పని ఆమెకు అప్పజెప్పారు. అడిగితే తప్పేముందిలే అనుకుందామె. అడిగిన నోటితోనే రేపు చూడమంటారని ఊహించలేదు.

ఆ వేసవిలో అకాల వాన పడింది. లారీలో కాయ తడిసి వచ్చింది. షెడ్డులో అందరికన్నా పెద్దది అమలమ్మ, "బాబూ, తడారనీండి, కొంప మునుగుద్ది" అని మొత్తుకుంది. షిప్‌మెంటు ఆగదని విఠల్ కొట్టించాడు. విదేశాలకు పోవలసిన సీసాలు మూత దగ్గర తెల్లగా బూజు కట్టాయి. కాయ తడిదని షెడ్డుకు తెలుసు, హాలుకు తెలుసు. అయినా బూజు కనబడగానే హాల్లో లేచిన మొదటి మాట ఏమిటో చెప్పనా? "ఎవర్తే డేట్లో వచ్చి చెయ్యి పెట్టింది?" ఆ మాట ఓనరు అనలేదు. ఈ ఆడవాళ్ళే ఒకళ్ళనొకళ్ళు అనుకున్నారు. ఆయన దాన్ని అందిపుచ్చుకున్నాడు. ఆ పొద్దుటి తనిఖీ అట్లా వచ్చింది.

ఇవాళ గుమ్మం దగ్గర దాచింది కాబట్టి బూజు పట్టినప్పుడూ దాచే ఉంటుందని వినీలను గేటు బయటికి పంపేశారు. అంతటితో ఆగారా? ఆ పిల్ల ఫొటో, సరుకు పాడుచేసిన మనిషని ఒక ముక్కా, పచ్చళ్ళ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ చుట్టుపక్కల ఏ కంపెనీ గేటూ ఆమెకు తెరుచుకోలేదు. మొగుడు వదిలేసిన పిల్ల. పక్షవాతంతో తల్లి, బడికెళ్ళే కూతురు. ఆ పిల్ల పనిలోకి పోతేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

వినీల ఏడుస్తూ కూర్చోలేదు. కంపెనీలో ఆడవాళ్ళ ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉందని ఆమెకు తెలుసు. అది ఎట్లా పుట్టిందంటారా, చెబుతాను. పోయిన చలికాలం విజయవాడ పటమట నుంచి సంయుక్త అనే లాయరు మేడమ్ వచ్చి క్లాసు చెప్పింది. పనివాళ్ళకు కాదు సుమండీ, యజమానులకు. ఉద్యోగుల హక్కుల గురించి యజమాని ఏమేం తెలుసుకుంటే కేసుల్లో ఇరుక్కోడో, ఆ క్లాసు. పక్క కంపెనీల ఓనర్లు కూడా కార్లేసుకుని వచ్చారు. రామతులసి టీ అందిస్తూ ఆ మాటలు విన్నది. ఆడా మగా అని తేడా చూపకూడదు. కులం చూసి పని పంచకూడదు. ఫిర్యాదు చేసిన మనిషి మీద కక్ష కట్టకూడదు. ఓనర్లు బుద్ధిగా తలలూపారు. విదేశాల్లో కొనేవాళ్ళు అడుగుతారని కమిటీ వేసి, శరత్‌చంద్ర భార్య శాంభవిని దానికి పెద్దగా కూర్చోబెట్టారు. పనివాళ్ళ తరఫున రామతులసి. "మన రామతులసి అయితే మాట వింటది" అని విఠల్ ఆమె ముందే మెచ్చుకున్నాడు. 'ఈ సంస్థలో వివక్షకు తావు లేదు' అని హాలు గుమ్మం మీద బోర్డు కొట్టారు. ఆ బోర్డు కిందే నుంచుని రామతులసి "డేటా?" అని అడుగుతూ వచ్చింది.

ఆ కమిటీ ఓనరు గారి ఏసీ గదిలో కూర్చుంది. పెద్ద కుర్చీలో శాంభవి, పక్కనే శరత్‌చంద్రా విఠలూ. బయటి సభ్యురాలిగా సంయుక్తే వచ్చింది.

"కూర్చోండి రామతులసి గారూ" అందామె. ఆ గదిలో తనను గారు అన్న మనిషి అంతకు ముందు లేదు. రామతులసి కుర్చీ అంచు మీద కూర్చుంది. వినీల ఎదురుగా నిలబడి ఉంది.

"ఏం జరిగిందమ్మా?" అని వినీలను అడిగింది సంయుక్త.

"నా బట్టలు తొలగించి చూశారండి. వద్దని దణ్ణం పెట్టినా చూశారు."

"ఎవరు చూశారు?"

వినీల తల అడ్డంగా ఊపింది. "ఎవరు చూశారని కాదండి మేడమ్, ఎవరు చూడమన్నారో అది అడగండి."

"అదీ అడుగుతాం. ముందు చూసిందెవరో చెప్పండి."

"రామతులసి పిన్ని."

శరత్‌చంద్ర ఉలిక్కిపడ్డాడు. ఎంత బాగా ఉలిక్కిపడ్డాడో! "ఏంటి? ఇక్కడా, మా కంపెనీలోనా? నాకు తెలియదండి మేడమ్. వాళ్ళలో వాళ్ళకి ఏవో పట్టింపులుంటాయి. మేనేజ్‌మెంట్‌కి అలాంటి రూలే లేదు. బోర్డు కూడా పెట్టించాం, చూశారుగా."

రామతులసి లేచి నిలబడింది. "అదేందండీ బాబూ! మీరు చెప్పబట్టేగా... విఠల్ గారూ, మీరు తలుపు కాడ నుంచుని చూడమని అరవలేదాండీ?"

"బూజు ఎట్టా వచ్చిందో కనుక్కోమన్నా. బట్టలిప్పమన్నానా?" అన్నాడు విఠల్. "తలుపు లోపల నేనున్నానా? నువ్వున్నావా?"

లోపల ఉన్నది రామతులసే. ఆమె మళ్ళీ కుర్చీ అంచు మీద కూర్చుంది. సంయుక్త రాస్తున్న పెన్ను ఆగింది. ఆమెకు అంతా అర్థమైంది. అర్థమైన సంగతి రామతులసికీ అర్థమైంది. మళ్ళీ పెన్ను కదిలింది.

తీర్పు ఏమొచ్చిందనుకున్నారు? ఫిర్యాదు నిజమేనట. సాటి ఉద్యోగిని గౌరవానికి భంగం కలిగించినందుకు రామతులసిని పనిలోంచి తీసేశారు. మరి వినీలను తిరిగి తీసుకుంటారా అంటే, సరుకు పాడుచేసినందుకు తీసేయడం వేరే సంగతట, అది ఈ కమిటీ పరిధిలోకి రాదట. ఆడదాన్ని కాపాడాలని తెచ్చిన చట్టం ఇద్దరు ఆడకూలీలను గేటు బయట పడేసింది. పడేయించినవాళ్ళకు మంచి పేరొచ్చింది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

కారు ఎక్కుతున్న సంయుక్త దగ్గరికి రామతులసి పరుగెత్తింది. "అమ్మా, చదువుకున్నోరు, నిజమేందో మీకు తెలీలేదా?"

"తెలిసిందండీ" అంది సంయుక్త. గొంతు తగ్గించింది. "ఫీజు ఇచ్చి పిలిచింది వాళ్ళు. మీరు లేబర్ ఆఫీసుకి వెళ్ళండి, కోర్టుకి వెళ్ళండి. మీకు హక్కుంది."

"ఎన్నాళ్ళు పడుద్దమ్మా?"

సంయుక్త అద్దం పైకెత్తేసుకుంది. కారు విజయవాడ వైపు తిరిగిపోయింది.

సాయంత్రం పని దిగాక గేటు ఎదురు టీకొట్టు దగ్గర అందరూ గుమిగూడారు. హాలు వాళ్ళు బల్లల మీద, షెడ్డు వాళ్ళు కాస్త ఎడంగా మట్టి గట్టు మీద. అక్కడా అంతే. రామతులసి రాగానే రావమ్మ లేచింది.

"ఎందుకొచ్చావే? ఇంకా ఎవర్నన్నా చూడాలా?"

"అను, ఎన్నైనా అను" అంది రామతులసి. "వాళ్ళు చెప్పారు, నేను చేశాను. చెయ్యనంటే ఏమయ్యేది? నన్ను తీసేసేవాళ్ళు. ఇప్పుడూ తీసేశారు. ఆ పని చెయ్యకుండానే బయటికి రావాల్సింది." అంతవరకు చెప్పి నోట్లో కొంగు కుక్కుకుంది. వినీల ఆమె వైపు చూడలేదు.

థర్మల్ స్టేషన్ కాంట్రాక్టు కార్మికుల యూనియన్ నుంచి డేనియల్ వచ్చాడు, అమలమ్మ కొడుకు. "కేసు వేద్దాం. వెయ్యాల్సిందే" అన్నాడు. "కానీ తేలేసరికి ఎన్ని మామిడికాయ సీజన్లు పోతాయో నేను చెప్పలేను."

"అప్పటిదాకా ఈ పిల్ల ఏం తినాలి?" అంది రావమ్మ.

"మనం పని ఆపితే వాళ్ళు బయటినుంచి జనాన్ని తెస్తారు."

"అసలు డేట్లో చెయ్యి పెట్టకపోతే పోయేదిగా! బూజు వచ్చింది నిజమేగా!" అని వెనకనుంచి ఒకామె అననే అంది.

అప్పుడు అమలమ్మ మట్టి గట్టు మీంచి లేచింది. "ఏందే తల్లీ నువ్వనేది? తడికాయని చెప్పి నా గొంతు పోయింది. మా ఇంట్లో నేను డేట్లో ఉండగా పెట్టిన ఊరగాయ మా ఆయన ఏడాదంతా తిన్నాడు, బూజు మాట దేవుడెరుగు, జాడీ అడుగు గీకి మరీ తిన్నాడు." కొందరు నవ్వారు. అమలమ్మ నవ్వలేదు. "మిమ్మల్ని నెలకి నాలుగు రోజులు గుమ్మం తొక్కనివ్వలేదని మీకింత ఉడుకుమోత్తనం వచ్చిందే! మమ్మల్ని ఎవరన్నా ఎప్పుడన్నా అడిగారా, డేటా అని? అడగరు. ఎందుకడుగుతారు? మేం నెలంతా అదే లెక్క వాళ్ళకి. మీకూ అదే లెక్క. నేను కొట్టిన ముక్క నీ హాల్లోకి పోద్ది, నేను పోకూడదు. పదహారేళ్ళ పిల్లగా వచ్చా, ముసల్దాన్నయ్యా. ఒక్కరన్నా అమలమ్మా లోపలికి రావే అన్నారా?"

బల్లల మీదున్నవాళ్ళు కిందికి చూశారు. రామతులసికి చెంప మీద కొట్టినట్టయింది. గుమ్మం దగ్గర అన్నేళ్ళు నిలబడింది గానీ, షెడ్డువాళ్ళను ఎందుకు అడగడం లేదని ఒక్కనాడూ ఆలోచించలేదు.

ముందు రావమ్మ లేచి గట్టు దగ్గరికి పోయి అమలమ్మ పక్కన కూలబడింది. తర్వాత ఇంకొకరు. చీకటి పడకముందే బల్లలు ఖాళీ అయ్యాయి. ఏం చెయ్యాలన్నది ఆ గట్టు మీదే తేలింది.

మర్నాడు పొద్దున రామతులసీ వినీలా గేటు బయట ఊచలు పట్టుకుని నిలబడ్డారు, ఒకరికొకరు ఎడంగా. అక్కడినుంచి వాకిలీ, హాలు గుమ్మమూ కనిపిస్తాయి. షెడ్డువాళ్ళు ఎప్పటిలాగే తెల్లవారుతూనే దిగి కాయంతా కొట్టేశారు. ముక్క కుప్పలు కుప్పలుగా పోసి ఉంది. అది ఆ పూటే కలపాలి, లేకపోతే చేతికి రాదు.

"రావమ్మా, ఇవాళ్టి నుంచి నువ్వడుగు" అన్నాడు విఠల్.

"నేనడగనండి."

"అయితే నువ్వు?" ఇంకొకామె తల అడ్డంగా ఊపింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఊపారు. ఎవరూ అడగకపోతే ఆయనే అడగాలి. పాపం, ఆ మాట విఠల్ తన నోటితో ఎప్పుడూ అనవలసిన పని పడలేదు. అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, నేలకేసి చూస్తూ, "ఎవరన్నా... అదీ... డేట్లో ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నానండి" అంది రావమ్మ.

"ఉన్నానండి" అంది పక్కామె. "నేనూ." "నాక్కూడానండి." "నాకు నిన్నే వచ్చిందండి." హాలు వాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. విఠల్ ముఖం ఎర్రబడింది. ఈలోగా షెడ్డులోంచి కత్తిపీటలు వదిలేసి అందరూ గుమ్మం దాకా వచ్చారు, ముందు అమలమ్మ.

"మీరెందుకొచ్చారిటు?"

"మమ్మల్నీ అడగండి బాబూ."

"మిమ్మల్ని అడిగేదేముంది, పోండి!"

"అడగండి. ఇన్నేళ్ళూ అడగలా. ఇవాళ అడగండి."

"నీకు అరవై దాటాయి, నీకేంటే ముసల్దానా!"

"ఉందండి. నమ్మకపోతే చూడమనండి. ఎవరిచేత చూపిస్తారో చూపించండి!" అంది అమలమ్మ. నవ్వు లేచింది, ఆ నవ్వులోనే అందరూ గుమ్మం ముందు బైఠాయించారు. హాలు వాళ్ళూ షెడ్డు వాళ్ళూ కలిసిపోయి, ఎవరు ఎవరో తెలియకుండా. గేటు ఊచల వెనక రామతులసికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. తాను అక్కడ కూర్చోవలసిన మనిషి. తాను అక్కడ లేదు.

ఎండ ముదిరింది. ముక్క రంగు తిరిగింది. శరత్‌చంద్ర వచ్చాడు, బతిమాలాడు, అరిచాడు. "వినీలను తీసుకోండి, రామతులసిని తీసుకోండి, ఈ అడగడం మానుకోండి, మమ్మల్ని లోపలికి రానీండి" అన్నారు వాళ్ళు. ఆయన ఫోను తీశాడు. పోలీసు వ్యాను వచ్చింది. దానికోసం గేటు తీసినప్పుడు రామతులసీ వినీలా దాంతోపాటే లోపలికి దూరారు.

"అబద్ధాలాడి పని ఆపారండీ" అన్నాడు శరత్‌చంద్ర ఎస్సైతో. "మీ లేడీ కానిస్టేబుల్ చేత ఒక్కసారి చెక్ చేయించండి, తేలిపోతుంది."

ఎస్సై విసుగ్గా, "ఏంజెల్, చూడమ్మా" అన్నాడు. ఏంజెల్ చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్త. రెండడుగులు వేసి అమలమ్మ ముందు నిలబడిపోయింది. ఆ నిలబడడం రామతులసికి తెలుసు. జనాన్ని తోసుకుంటూ పోయి మధ్యలో నిలబడింది.

"వద్దమ్మా. నేను చేశాను ఈ పని. పెద్దోళ్ళు చెప్పారుగా అని చేశాను. రేపు వీళ్ళు మేం చెప్పలేదంటారు. ఆ వాసన నా చేతులకింకా పోలా. నువ్వు చెయ్యబాక తల్లీ."

ఏంజెల్ చెయ్యి కిందికి దిగింది. ఎస్సైకి కోపం వచ్చింది. "ఎవరిది? కంపెనీ మనిషేనా?"

"కాదు సార్, తీసేసినవాళ్ళు. వీళ్ళిద్దరే రెచ్చగొట్టింది" అన్నాడు విఠల్.

"ఎక్కించండి ఇద్దర్నీ."

ఏంజెలే రామతులసి రెక్క పట్టుకుంది. తనిఖీ చెయ్యలేదు గానీ రెక్క పట్టుకుంది, ఏం చేస్తుంది! వినీలను ఇంకొకరు లాగారు. ఆడవాళ్ళు వ్యాను చుట్టూ మూగి చక్రాలకు అడ్డం కూర్చున్నారు. లాఠీలు లేచాయి. రావమ్మ మోచెయ్యి చిట్లింది. అమలమ్మను ఇద్దరు పట్టుకుని పక్కకు ఈడ్చారు. ఆమె అక్కడినుంచే, "అడగండ్రా, మమ్మల్నీ అడగండి!" అని అరుస్తోంది. ఆ మాట ఒకరి నోటినుంచి ఇంకొకరు అందుకుని వాకిలంతా నినాదమైంది. వ్యాను కదిలింది. రామతులసి కిటికీ జాలీలోంచి చూస్తూనే ఉంది. ఆపలేదు, దిగలేదు, దెబ్బ తగిలిన మనిషి దగ్గరికి పోలేదు. ఏమీ చెయ్యలేకపోయింది.

రోడ్డెక్కేదాకా ఇద్దరూ ఎదురెదురు బల్లల మీద కూర్చుని ఉన్నారు. అప్పుడు వినీల తనిఖీ రోజు తర్వాత మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది.

"నిన్ను క్షమించలా పిన్నీ. అది గుర్తుపెట్టుకో."

"క్షమించొద్దమ్మా."

"వదిలాక నేను మళ్ళీ ఆ గేటు కాడికే పోతా. వాళ్ళు ఇంకా అక్కడే కూర్చునుంటారు."

"నేనూ వస్తా" అంది రామతులసి. వస్తానని చెప్పే హక్కు తనకుందో లేదో ఆమెకు తెలియదు.

వినీల కిటికీలోంచి వెనక్కి చూసింది. తర్వాత అంది:

"రా. ఈసారి మాత్రం నాకెదురుగా కాదు, నా పక్కన నుంచో."